పైడి నీటి వంతు

ఏటిపల్లె కరణం సర్వేశానికి పన్ను చిట్టాలో పేర్లు పెంచడమంటే సరదా. తండ్రి ఇంట్లోనే ఉంటూ చాపలల్లి అమ్ముకునే పదిహేనేళ్ల పైడినీ పిలిపించాడు.

“సంపాదిస్తున్నావుగదే, ఇకనుంచి నీ లెక్క వేరుగా చెప్పుకో.”

“నేనింకా మా అయ్య పెట్టిన కూడే తింటున్నాను బాబూ.”

“తింటే తిను. చిట్టాలో నీదో వేరే ఇల్లు.”

“అలాగే రాసుకోండి. చిట్టాకెక్కిన ప్రతి ఇంటికీ కాలువనీళ్లు ఒక పూట వంతు కదా. ఎవరికీ చెందని పూట మీ పొలానికి పారుతోంది. రేపటినుంచి దాన్ని మా అయ్య మడికి మళ్లించుకుంటాను.”

సర్వేశం కలం కింద పెట్టాడు. “తండ్రి నీడనున్న పిల్లలు తండ్రి లెక్కలోనే ఉంటారులేమ్మా.”

“ఆ మాటే రాసివ్వండి బాబూ. మా వీధిలో పనికెళ్లే పిల్లలు ఇంకా ఎనిమిదిమంది ఉన్నారు,” అంది పైడి, కింద పెట్టిన కలం అందిస్తూ.