పెద్ద గుహలో ఎలుక

అనగనగా ఒక అడవిలో, వాగు పక్కన ఒక రాతిగుట్ట ఉండేది. గుట్టకి మూడు గుహలు. కింద పెద్దది, మధ్యలో నడిమిది, పైన చిన్నది. వాగు పొంగితే గుట్టంతా మునిగిపోయేది. అప్పుడు జంతువులు గుహల్లో దూరేవి. ముళ్ళపంది బంకమన్నుతో గుహ నోరు మూసేసేది. నీళ్ళొచ్చాక ఇంక తెరవకూడదు. తెరిస్తే లోపలున్నోళ్ళు పోతారు.

ముళ్ళపంది మంచిదే. కానీ మహా మొహమాటం. ఎవరికీ కాదని చెప్పలేదు.

ఒకసారి పెద్ద వాన పట్టుకుంది. ముందు ఎలుక వచ్చింది.

"మామా, నాకు పెద్దది ఇయ్యి."

"చిన్నదాంట్లో పడతావు గదరా?"

"పడతాను. పెద్దదాంట్లో అయితే దొర్లొచ్చు. ఖాళీగానే ఉందిగా! ఎవరికోసం దాస్తున్నావు, మీ అత్తగారికా?"

ముళ్ళపందికి సిగ్గేసింది. ఇచ్చేసింది. మన్ను పెట్టి మూసేసింది.

తర్వాత కుందేలు వచ్చింది.

"బాబాయ్, చిన్నదాంట్లో చెవులు మడుచుకోవాలి. నడిమిది ఇద్దూ."

అదీ ఇచ్చేసింది. మూసేసింది.

నీళ్ళు గుట్టెక్కి పెద్ద గుహ నోటినీ, నడిమిదాని నోటినీ ముంచేశాయి. అప్పుడొచ్చింది దుప్పి, పిల్లని ముందుకి తోసుకుంటూ.

"అన్నా, నాకొద్దు. నా పిల్లని దాచు చాలు."

మిగిలింది చిన్నదే. పిల్ల తల దూర్చింది. భుజాలు పట్టలేదు. ఇంకోసారి దూర్చింది. మూడోసారి తోస్తే ఏడ్చింది.

"పెద్దది తెరువు అన్నా!"

"ఎట్లా తెరిచేదమ్మా? నీళ్ళు దాని నోటి మీదున్నాయి. తెరిస్తే ఎలుకా పోతుంది, నీ పిల్లా బతకదు."

లోపల్నించి ఎలుక అరిచింది. "మామా! ఇక్కడెంత చోటుందో! పిలిస్తే నా గొంతే నాకు తిరిగొస్తోంది!"

దుప్పి విన్నది. పిల్ల మెడ నాకుతూ నిలబడింది. నీళ్ళొచ్చి ఇద్దర్నీ తీసుకుపోయాయి.

ముళ్ళపంది చిన్న గుహలో దూరి లోపల్నించి మూసుకుంది. దానికి సరిగ్గా సరిపోయింది.

మరుసటేడు మళ్ళీ వాన. ఎలుక వస్తే ముళ్ళపంది చిన్నది చూపించింది.

"అబ్బో, మామకి నోరొచ్చిందే!" అంది ఎలుక.

కుందేలుకి నడిమిది ఇచ్చింది. పెద్ద గుహ ముందు మన్ను కలుపుకుని కూర్చుంది. నీళ్ళు కాళ్ళకి తగిలేదాకా దారి చూసింది.

ఎవరూ రాలేదు. ఆ అడవిలో ఉన్న దుప్పులు ఆ రెండే.

నీతి: తర్వాత ఎవరొస్తారో మనకి తెలీదు. అందుకే ఎక్కడైనా ఇమిడేవాళ్ళకి చిన్న చోటు చూపించి, ఇంకెక్కడా పట్టనివాళ్ళ కోసం పెద్ద చోటు ఉంచాలి. అది ముందే చెయ్యాలి. తర్వాత ఉంచితే ఖాళీగానే ఉంటుంది.