గీత మీది గుర్తు

అనంతాచార్యులవారికి పొద్దున్నే పేపరు చేతికొస్తే ముందు ఆటల పేజీ చదివే అలవాటు. శిష్యులకు అది కొంచెం నామోషీగానే ఉండేది. ఒకనాడు పరాంకుశం అనే కాలేజీ లెక్చరర్, ఎవరికీ తెలియని పాత తప్పును ఇప్పుడు ఒప్పుకుంటే ఉన్న పరువు పోవడం తప్ప ఒరిగేదేమిటని అడిగాడు. అది వట్టి కుతూహలం కాదని అక్కడున్న అందరికీ అర్థమైంది. ఆచార్యులవారు పేపరు మడిచి, పరాగ్వే దేశపు టెన్నిస్ క్రీడాకారిణి యెరుతీ కథ ఎత్తుకున్నారు. అందులో ఆయన సొంతంగా కలిపింది ఎంతో మనకు తెలియదు.

యెరుతీ తండ్రి ఎర్రమట్టి కోర్టుల కాపలాదారు. ఆట అయ్యాక ఆడినవాళ్లే తమ వైపు మట్టి మీద వల లాగి చదును చేసి వెళ్లాలని ఆయన నియమం. పంతొమ్మిదో ఏట యెరుతీ జాతీయ పోటీ ఫైనల్ ఆడింది. ప్రత్యర్థి నీదియా కొట్టిన చివరి బంతి బయట పడిందని యెరుతీ వేలెత్తింది. అంపైరు కుర్చీ దిగొస్తే మట్టిలో గీత అవతల బంతి పడిన గుర్తు చూపించింది. ఆయన సరేనన్నాడు. కప్పు ఆమెదైంది.

ఆ సంబరంలోనూ నియమం మరవక వల లాగుతుంటే ఆమెకు ఇంకో గుర్తు కనబడింది. తాజాది, సరిగ్గా గీత మీద. గీతను తాకితే బంతి లోపల పడ్డట్టే లెక్క. తను చూపించింది పాత గుర్తు. అంపైరు పిలిస్తే పలికేంత దూరంలోనే ఉన్నాడు. కంచె దగ్గర తండ్రి ఆనందం పట్టలేక ఏడుస్తున్నాడు. యెరుతీ ఆ గుర్తు మీదుగా వల లాగేసింది.

ఆ తర్వాత పట్టిందల్లా బంగారమే. ప్రపంచంలోని పెద్ద కప్పులన్నీ గెలిచింది. ఏ దేశంలో ఆడినా కోర్టులో అడుగుపెట్టగానే ఆమె కళ్లు ముందు గీతనే వెతికేవి. గెలిచిన రాత్రుళ్లు కంటి మీద కునుకు ఉండేది కాదు. ఇంకా గెలవాలన్న ఆకలి అది అని పత్రికలవాళ్లు మెచ్చుకునేవారు!

ఆ ఫైనల్ జరిగిన పద్దెనిమిదేళ్లకు ఆట మానేసింది. సొంత ఊళ్లో స్టేడియానికి ఆమె పేరు పెట్టి సన్మానం చేశారు. పూలగుత్తి ఇవ్వడానికి నీదియానే పిలిచారు. ఆమె ఇప్పుడు బడిలో ఆటల టీచరు. యెరుతీ మైకు అందుకుని, తండ్రి ముందే, ఊరి ముందే, జరిగింది జరిగినట్టు చెప్పేసింది. జనం కొయ్యబారిపోయారు. ముసలి తండ్రి తల పైకెత్తలేదు.

నీదియా మాత్రం చెక్కుచెదరలేదు. "నాకు ఆ రోజే తెలుసు యెరుతీ. వల లాగుతూ లాగుతూ గీత దగ్గర నీ కాళ్లు ఆగిపోయాయి. నేను చూస్తూనే ఉన్నాను," అంది.

ఇన్నేళ్లూ ఎవరూ చూడలేదనే గదా యెరుతీ ధైర్యం. మరి అప్పుడే ఎందుకు అడగలేదని అంది.

"నువ్వే వచ్చి చెబుతావని వారం రోజులు చూశాను. తర్వాత మరిచిపోయాను," అంది నీదియా.

పరాంకుశం మొహంలో నెత్తుటి చుక్క లేదు. మరి ఆ కప్పు చివరికి ఎవరికి దక్కిందని మెల్లగా అడిగాడు.

ఆచార్యులవారు పేపరు మళ్లీ విప్పుకుంటూ, "నీదియా ఆ రోజు ఓడింది ఒక్క ఆటే నాయనా," అన్నారు.