పునాది గుంటలో గుటకలు

నల్లరేగడి నేలమీద దొర కట్టిస్తున్న మేడ గోడ మళ్లీ దిగబడింది. పొద్దు వాలితే చాలు, పునాది గుంటలోంచి ఎవరో గుటకలు వేస్తున్న చప్పుడు వచ్చేది.

"కింద భూతముంది. మనిషిని అడుగుతోంది," అంటూ మంత్రగాడు మట్టి తవ్వే ఓబులమ్మను చూపించాడు.

భటులు ఆమె రెక్క పట్టుకున్నారు. ఓబులమ్మ ఏడవలేదు. "నిరుడు మా అక్కను ఇందులోనే పూడ్చారు దొరా. అయినా గోడ నిలవలేదు. మళ్లీ తప్పు మనిషిని ఇవ్వడమెందుకు? నేనూ, ఈ స్వామీ గుంటలో నిలబడతాం. భూతం ఎవరిని లాక్కుంటే వాళ్లే దానికి కావాలి."

దొరకు ఆ మాట నచ్చింది. మంత్రగాడు కాదనలేక పావుకోళ్లతోనే దిగాడు.

"స్వామి కాళ్లకింద చెక్కలున్నాయి. నాకూ ఒకటి ఉండనివ్వండి," అని ఓబులమ్మ మేడకోసం తెచ్చిన కొత్త తలుపు రెక్కను బురదమీద పరిచి, దానిపై నిలబడింది.

గుంట గుటక వేసింది. మంత్రగాడు చీలమండల దాకా దిగాడు. తర్వాత మోకాళ్ల దాకా. ఓబులమ్మ కింద తలుపు కదల్లేదు.

"భూతానికి నువ్వే కావాలట. పూడ్చండి!" అన్నాడు దొర.

"భూతం లేదు, గీతం లేదు! ఉత్త బురద దొరా!" మంత్రగాడు కేకలు పెట్టాడు. "సన్నటి పావుకోళ్లు దిగబడ్డాయి, వెడల్పాటి తలుపు ఆగింది, అంతే!"

"అయితే గోడకూ అడుగున అంత వెడల్పు పెట్టించండి, నిలుస్తుంది," అంది ఓబులమ్మ. తర్వాత దొర కళ్లలోకి చూసింది.

"మరి మా అక్కను మింగిందెవరు దొరా?"

ఈసారి గుటక వేసింది గుంట కాదు, దొర.