పలకని టీవీ

సాలూరులో సన్యాసిరావు అనే టీవీ మెకానిక్ ఉండేవాడు. చెయ్యి మంచిది, మనసు మంచిది, కానీ ఎదుటివాళ్ళ మాటను సగం దాటనిచ్చేవాడు కాదు.

ఎవరు ఏం చెప్పబోయినా "అర్థమైంది, అర్థమైంది!" అనేవాడు. తప్పంతా అతనిదే అనలేం లెండి. అతని కొట్టు పిండిమర పక్కనే ఉండేది. ఆ హోరులో వచ్చినవాళ్ళ మాటలు సగమే వినపడేవి. మిగతా సగం తనే ఊహించుకునేవాడు. ఆ పాడు అలవాటు కొట్టులోనే ఉండిపోతే బాగుండేది. ఇంటికి కూడా వెంట వచ్చింది. ఒకరోజు భోజనం దగ్గర భార్య ఈశ్వరమ్మ "పప్పులో ఉప్పు..." అని మొదలుపెట్టిందో లేదో, "అర్థమైంది!" అని లేచి, ఇంకో చెంచాడు ఉప్పు తెచ్చి పప్పులో వేశాడు. ఆమె చెప్పబోయింది ఉప్పు ఎక్కువైందని! ఆ పూట ఇద్దరూ మజ్జిగన్నంతో సరిపెట్టుకున్నారు.

వాళ్ళ పక్కింట్లో పోలమ్మ ఒక్కతే ఉండేది. అడ్డాకులతో విస్తళ్ళు కుట్టి హోటళ్ళకు వేసి, దాంతోనే గుట్టుగా బతికేది. కేబుల్ టీవీలు కొత్తగా వచ్చిన రోజులవి. విజయనగరంలో చదువుకుంటున్న ఆమె మనవరాలు నూకరత్నం శనివారం సాయంత్రం కేబుల్లో పాడబోతోంది. పాడేది చిన్నప్పుడు పోలమ్మ తనకు నేర్పిన నలుగు పాట. "మామ్మా, నీకోసమే పాడతాను, తప్పకుండా విను" అని కబురు పెట్టింది. సరిగ్గా ఆ వారమే పోలమ్మ టీవీ చెడిపోయింది.

పోలమ్మ పిట్టగోడ పట్టుకుని నిలబడి, "మా టీవీ పలకడం నేదు బాబూ" అంది.

"అర్థమైంది పిన్నీ! ఉలుకూ పలుకూ లేదు, అంతే కదా?" అన్నాడు సన్యాసిరావు.

"ఉలుకు ఉందిరా. నాను సెప్పేది ఏటంటే..."

"డబ్బుల గురించేనా? అర్థమైంది! నీ దగ్గర పైసా తీసుకోను."

అదుగో, అక్కడే వచ్చింది చిక్కు. ఊరికే చేసిపెడుతున్నామన్న ధీమా వచ్చాక ఇక అవతలివాళ్ళ మాట వినేదెవరు?

టీవీని కొట్టుకు మోసుకెళ్ళి పెట్టి చూశాడు. బొమ్మ వచ్చింది, కాకపోతే గీతలు గీతలుగా ఉంది. "ఓహో, రోగం ఇదన్నమాట!" అనుకున్నాడు. శబ్దం సంగతి ఎవరైనా గట్టిగా చెబితే తప్ప అతను చూసేవాడే కాదు. పిండిమర పక్కన టీవీ అరిచినా ఒకటే, అరవకపోయినా ఒకటే కదా!

ఆ సాయంత్రం పోలమ్మ మళ్ళీ గోడ దగ్గరికి వచ్చింది. "బాబూ, బొమ్మ ఎలాగున్నా పర్లేదు. నా కళ్ళు..."

"అర్థమైంది పిన్నీ! నీ కళ్ళు జిగేల్‌మనేలా చేసి ఇస్తాను!"

"జిగేలెక్కడిదిరా నాయనా! నాకసలు..."

"కంగారుపడకు. శనివారానికి నీ ఇంట్లో ఉంటుంది!" అంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

పోలమ్మ తల పట్టుకుంది. వీడితో లాభం లేదనుకుని ఈశ్వరమ్మతో చెప్పింది. ఈశ్వరమ్మ మొగుడితో చెప్పబోయింది. తర్వాత ఏమైందో మీకు వేరే చెప్పాలా?

శనివారం సాయంత్రం సన్యాసిరావు టీవీ తెచ్చి తీగలు కలిపాడు. ఇరుగుపొరుగు అంతా వచ్చి కూర్చున్నారు. టీవీ వేసేసరికే తెర మీద నూకరత్నం ఉంది. బొమ్మ అద్దంలా ఉంది. చేతి గాజుల రంగు కూడా తెలుస్తోంది. పిల్ల కళ్ళు మూసుకుని, తల ఊపుతూ పాడుతోంది. గదిలో మాత్రం చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు.

"ఎలా ఉంది పిన్నీ?" అన్నాడు, శబ్దం లేని టీవీలకే అలవాటుపడిన సన్యాసిరావు గర్వంగా.

పోలమ్మ చెవి టీవీ వైపు తిప్పి కూర్చుంది. "ఇంకా మొదలవనేదా బాబూ?" అంది.

ఈశ్వరమ్మకు ఒళ్ళు మండిపోయింది.

"ఆవిడకి చూపు పోయి ఏడాది దాటిందయ్యా! ఆకులు చేత్తో తడిమి కుడుతోంది. పక్కింట్లో ఉండి నీకు తెలియలేదు. ఆవిడకి కావలసింది బొమ్మ కాదు, పాట! టీవీ పలకడం లేదంటే గొంతు పోయిందని. ఆవిడా చెప్పబోయింది, నేనూ చెప్పబోయాను. నువ్వు విని చస్తేగా!"

సన్యాసిరావు మొహం మాడిపోయింది. గబగబా టీవీ వెనక చెక్క ఊడదీశాడు. స్పీకరు తీగ ఒకటి ఊడి వేలాడుతోంది. అంతే జబ్బు! దాన్ని అతికించాడు. టీవీ గొంతు ఖంగుమంది.

వినపడింది చప్పట్లు. పాట అయిపోయింది.

పోలమ్మ కోప్పడుతుందేమో, తిడుతుందేమో అని సన్యాసిరావు ఎదురుచూశాడు. తిట్టినా బాగుండేది.

"పోన్లే బాబూ. నువ్వు సూసావు కదా! ఎలా పాడింది నా మనవరాలు? ఆకర్న రాగం తీసిందా?" అని అడిగింది.

ఊళ్ళో అందరి మాటలూ తనే పూర్తిచేసే సన్యాసిరావు పిల్ల గాజుల రంగు చెప్పగలడు. రాగం సంగతి ఏం చెబుతాడు? సిగ్గుతో పోలమ్మ ముందు నేల మీద చతికిలపడ్డాడు.

"నాకు తెలియదు పిన్నీ. ఆ రాగం ఎలా ఉంటుందో నువ్వే పాడి చెప్పు" అన్నాడు.

పోలమ్మ సన్నని గొంతుతో నలుగు పాట ఎత్తుకుంది. మధ్యలో దగ్గు వచ్చి ఆగింది, చరణం మరిచిపోయి మళ్ళీ మొదటికి వచ్చింది. సన్యాసిరావు కదలకుండా కూర్చుని, ఆఖరి రాగం దాకా విన్నాడు. ఒక్కసారి కూడా "అర్థమైంది" అనలేదు.

నీతి: ఎదుటివారి మాట చివరిదాకా వినకుండా చేసే సాయం, ఎంత మంచి మనసుతో చేసినా వారికి అక్కరకు రాదు.