గోపురానికి ఎదురు మండపం

శంఖుదీవిలో కాలాలు రెండే. గాలి దక్షిణం నుంచి వీచే కాలం ఒకటి, ఉత్తరం నుంచి వీచే కాలం ఒకటి. దక్షిణగాలి వేసవంతా ఇసుకను మోసుకొస్తుంది గాని చుక్క వాన తేదు. ఆశ్వయుజం దాటేసరికి గాలి తిరుగుతుంది. ఏడాదికి సరిపడా వాన అప్పుడు ఉత్తరం వైపు నుంచి ఒక్క ఊపున వచ్చి పడుతుంది. యాత్రికులు దీవికి రెండు పక్కలా సముద్రంలో మునకలేసి వెళ్ళిపోతారు. అక్కడే ఉండేవాళ్ళకు మాత్రం ఏ గాలికి వీపు ఎటు పెట్టాలో తెలియాలి.

అందుకే అక్కడి జంతువులకు ఒక అలవాటు ఉంది. ఊరి చివర రెండు పాత రాతి మండపాలు. ఒక్కోదానికి మూడు పక్కల గోడలు, ఒక పక్క ఖాళీ. ఒకటి ఉత్తరానికి తెరుచుకుని గుడి గోపురాన్ని చూస్తుంటుంది. వేసవంతా అందరూ అందులోనే. గాలి తిరగ్గానే దక్షిణానికి తెరుచుకున్న రెండోదానిలోకి మారిపోతారు.

ఆ ఏడు జ్యేష్ఠంలో బొల్లి అనే మేక గోపురం మండపంలో రెండు పిల్లల్ని ఈనింది. నిరుడు వానలో తడిసి, దగ్గి దగ్గి ఆమె పిల్ల ఒకటి పోయింది. ఈసారి వీటి ఒంటి మీద చుక్క పడనివ్వకూడదని అనుకుంది.

చిక్కల్లా పరంధామయ్యతో వచ్చింది. అతనో నక్క. యాత్రికుల వెనకే వంతెన దాటి వచ్చి, దక్షిణపు మండపం ఖాళీగా ఉందని దిగిపోయాడు. మాంసం మానేశానని ప్రకటించి, కళ్ళు మూసుకుని గుడి ముందు కూర్చునేవాడు. మాంసం సంగతేమో గాని, యాత్రికులు పెట్టే పులిహోర మాత్రం మానలేదు.

అతని పళ్ళు చూసినప్పుడల్లా బొల్లికి ఒకటే బెంగ. గాలి తిరిగిన రోజున ఆ పళ్ళను దాటి లోపలికి వెళ్ళడం ఎలా?

ఒక మధ్యాహ్నం నైరుతిలో నల్లటి మబ్బు లేచింది. పరంధామయ్య పెద్ద భూమి మీద పుట్టినవాడు. అక్కడ జ్యేష్ఠంలో ఆ మూల మబ్బు కనిపిస్తే రైతులు నాగళ్ళు బయటికి తీస్తారు. వాన వస్తే తన మండపం నోట్లోకే కొడుతుందని అతనికి అనిపించింది. నేరుగా బొల్లి దగ్గరికి వచ్చాడు.

"అమ్మాయ్, నీ మంచికే చెబుతున్నాను. పచ్చి బాలింతవు. పురుటి మైలతో గోపురానికి ఎదురుగా పడుకోవచ్చునా? నువ్వు నా మండపంలోకి పో, ఇక్కడ నేనుంటాను."

"ఈనింది కూడా దాని ఎదురుగానే కదండీ. అప్పుడు దేవుడేమీ మొహం తిప్పుకోలేదు."

"శాస్త్రం ఒకటుంటుంది."

"శాస్త్రంలో మేకల గురించి రాశారా?"

"ఆడవాళ్ళ గురించి రాశారు. నువ్వూ అందులోకే వస్తావు."

"మగవాళ్ళ గురించి ఏం రాశారండీ?"

"వాళ్ళు రాసినవాళ్ళు," అన్నాడు పరంధామయ్య.

గోడ మీద కాకమ్మకు నవ్వొచ్చింది. "అయ్యా, ఈ దీవిలో వాన ఎటు నుంచి..." అని మొదలుపెట్టేలోగా బొల్లి గట్టిగా దగ్గింది. ఆ సైగ అర్థమై కాకమ్మ నోరు మూసుకుంది.

బొల్లికి అర్థమైంది. ఏ చోటు కోసం బెంగపడుతోందో, ఆ చోటును అతనే ఖాళీ చేస్తానంటున్నాడు. కాని వెంటనే ఒప్పుకుంటే అనుమానపడతాడు. అందుకని వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఆ ఇసుకలోకి పసివాళ్ళతో ఎలా పోనండీ? మైల తీరగానే మళ్ళీ రానిస్తారా?"

"రానివ్వను."

"మీరూ ఊరుకోరు. రేపు అక్కడికీ వచ్చి లెమ్మంటారు."

"నేనా?" పరంధామయ్యకు పౌరుషం వచ్చింది. అప్పటికి చాకిరేవు నుంచి గాడిద వీరన్న, చెత్తకుప్ప నుంచి కోళ్ళు వచ్చి చేరాయి. గుడికి పోయే యాత్రికులు కూడా నిలబడి చూస్తున్నారు. అందరూ వినేలా గొంతు పెంచాడు. "పురుటి మైలతో నువ్వు చేరాక ఆ దక్షిణపు మండపంలో ఈ జన్మలో కాలు పెట్టను. గోపురం మీద ఒట్టు."

బొల్లి కళ్ళు తుడుచుకుని పిల్లలతో బయలుదేరింది.

మబ్బు చినుకు రాల్చకుండానే తేలిపోయింది. ఆ వేసవంతా బొల్లి దక్షిణపు మండపంలో ఇసుక తిన్నది. పిల్లల కళ్ళు నాకి శుభ్రం చేస్తూ వాటిని గోడ మూలలో తన ఒంటి చాటున దాచుకుంది.

"మంచి చోటు చేతులారా ఇచ్చేశావు కదే," అన్నాడు వీరన్న.

"ఇసుక దులిపితే పోతుంది మామా. కొన్నాళ్ళు ఓర్చుకో."

కార్తీకం ముందు ఒక ఉదయం గాలి చప్పుడు మారింది. ఉత్తరపు సముద్రం రంగు తిరిగింది. మధ్యాహ్నానికి వాన ఏటవాలుగా వచ్చి గోపురం మండపంలోకి దూరింది. గోడ చాటు అన్నది లేకుండా వెనక మూల వరకూ కొట్టింది. అప్పటికే వీరన్న, కాకమ్మ, కోళ్ళు అన్నీ దక్షిణపు మండపంలో బొల్లి చుట్టూ చేరాయి. లోపల నేల పొడిగా ఉంది. పిల్లలు గెంతుతున్నాయి.

పరంధామయ్య తోక పీచులా వేలాడేసుకుని వాకిట్లోకి వచ్చాడు.

"బొల్లెమ్మా, కాస్త జరుగుతావా?"

"అక్కడే ఆగండయ్యా. ఇది మైల చోటు."

"ఆ మైల ఎప్పుడో పోయింది తల్లీ."

"అలాగా? మరి ఆ రోజు, మైల తీరాక కూడా నన్ను రానివ్వనన్నారే."

"శాస్త్రంలో ఆపద్ధర్మం అని ఒకటుంది."

"జ్యేష్ఠంలో నా పిల్లల విషయంలో మీకు గుర్తు రాలేదా అది?"

పరంధామయ్య పళ్ళు బయటపెట్టాడు. వీరన్న వెనక్కి తిరిగి, వెనక కాళ్ళు వాకిలి వైపు పెట్టాడు. గోపురం ఎదుట వేసిన ఒట్టును మళ్ళీ చెప్పమంటూ కాకమ్మ గొంతెత్తింది. తడుస్తూ గుడికి పోతున్న యాత్రికులు అటు తిరిగి చూశారు. వాళ్ళ ముందు ఒట్టు తప్పితే ఇక పులిహోర ఉండదు. పరంధామయ్య పళ్ళు లోపలికి పోయాయి.

చివరికి తిరిగి వెళ్తున్న యాత్రికుల బండి కింద నక్కి, తుమ్ముకుంటూ వంతెన దాటిపోయాడు. బొల్లి తన పిల్లల్ని తడిమి చూసుకుంది. ఒక్క వెంట్రుక కూడా తడవలేదు.

ఆడదాన్ని దూరం పెట్టడానికి గీత గీసేవాడు, వాన వచ్చిన రోజు తాను ఏ పక్కన ఉంటాడో చూసుకుని గీయాలి.