మూడుబాటల చలివేంద్రం

చెంచురామయ్యకు మూడు రోజులుగా అన్నం సహించడం లేదు.

ఆయనది పలకల కంపెనీ. కొండరాయిని రేకులు రేకులుగా చీల్చి, చుట్టూ చెక్క బిగించి, పిల్లలు రాసుకునే పలకలు చేయించేవాడు. మా చుట్టుపక్కల చాలామంది ఆ పలకల మీదే అక్షరాలు దిద్దారు. నేనూ దిద్దాను, మనవరాలి పక్కన కూర్చుని, అరవై దాటాక.

మనిషి చెడ్డవాడు కాడు. పెట్టే చెయ్యి. మూడుబాటల దర్గా ముందు ప్రతి ఎండాకాలం చలివేంద్రం ఆయన ఖర్చే. 'ఓటు తోడు' అని ఒక చిన్న సంఘం ఉండేది, దానికీ ఆయనే అండ, తిరగడానికి ఆటో కూడా ఆయనిచ్చిందే. సలోమి అనే ఆవిడ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కలిసి ఆ సంఘం నడిపేవాళ్ళు. ఇల్లిల్లూ తిరిగేవాళ్ళు. ఓటర్ల జాబితాలో ఎవరి పేరు పోయిందో చూసి, కాగితాలు నింపి, మళ్ళీ ఎక్కించేవాళ్ళు. ఓటు ఎవరికి వెయ్యాలన్న మాట మాత్రం నోట్లోంచి రానిచ్చేవాళ్ళు కాదు.

అది చెంచురామయ్య పెట్టిన షరతే. అయిదేళ్ళ కిందట దర్గా అరుగు మీద నిలబడి, "ఎవరికి వేస్తారో నాకక్కర్లేదు, వేస్తే చాలు" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ మాటనే కరపత్రాల మీద అచ్చు వేయించాడు, తన ఫొటో పక్కన.

ఈసారి ఆయన బావమరిది ఎన్నికల్లో నిలబడ్డాడు. చిక్కంతా అక్కడ వచ్చింది.

టౌను నుంచి వచ్చే బాట దర్గా దగ్గర రెండుగా చీలుతుంది. తూర్పుకు పోతే చింతలపాలెం. పడమటికి పోతే ఎర్రబాడు. చింతలపాలెం ఊరు ఊరంతా బావమరిది మనుషులు. ఎర్రబాడువాళ్ళు పలకరాయి కొట్టే కూలీలు. పోయినేడు కూలి పెంచమని కంపెనీ గేటు ముందు పదకొండు రోజులు కూర్చున్నది వాళ్ళే.

కంపెనీలో పని తగ్గితే వాళ్ళు పిల్లాజెల్లాతో మిరపకోతలకు వలస పోతారు. ఆ సందులో ఎవరో వచ్చి, ఇళ్ళకు తాళాలు చూసి, ఈ ఊళ్ళో మనుషుల్లేరని రాసుకుని పోయారు. తిరిగొచ్చి చూసుకుంటే రెండు వందల పైచిలుకు పేర్లు జాబితాలో లేవు. మళ్ళీ ఎక్కించుకోవడానికి శుక్రవారం సాయంత్రంతో గడువు అయిపోతుంది.

చెంచురామయ్య సలోమిని పిలిపించి మెల్లగానే చెప్పాడు.

"ఈసారికి చింతలపాలెం చూడండమ్మా. అక్కడా కొన్ని పేర్లు పోయాయంట. ఎర్రబాడు సంగతి వచ్చేసారి చూద్దాం."

"వచ్చేసారంటే అయిదేళ్ళు సార్."

"ఆటో నాది, డీజిలు నాది. ఎటు పోవాలో నేను చెప్పకూడదా?"

సలోమి కాగితాల సంచి ఆయన బల్ల మీద పెట్టింది.

"రెండు ఊళ్ళకూ పోతాం సార్. లేకపోతే దేనికీ పోం" అని వచ్చేసింది.

అప్పటినుంచే ఆయనకు అన్నం సహించడం లేదు.

బుధవారం పొద్దుగూకే వేళ దర్గాకు వచ్చాడు. దర్గాలో కాశిం తాత ఉండేవాడు. దూదేకుల మనిషి. ఒకప్పుడు ఊరూరా తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఫకీరై ముప్పై ఏళ్ళయింది. ఏ మతంవాళ్ళయినా తాతా అనే పిలిచేవాళ్ళు. చెంచురామయ్య కూడా ఆయన్నే గురువుగా పట్టుకున్నాడు. కంపెనీలో కొత్త మిషను పెట్టినా, కూతురి పెళ్ళి కుదిరినా ముందు ఇక్కడికే వచ్చి కాళ్ళకు మొక్కి పోయేవాడు.

"తాతా, నువ్వు చెబితే సలోమి వింటుంది. ఒక్క మాట చెప్పు."

"ఏమని?"

"పెట్టేవాడికి ఎక్కడ పెట్టాలో చెప్పే హక్కు ఉంటుందని."

తాత గడ్డం నిమురుకున్నాడు. "ఉంటుందా?"

"ఉండదా మరి? నేనేమీ దొంగ ఓట్లు వేయించమనడం లేదు. ఎవరి పేరూ తీసెయ్యమనడం లేదు. నాకు పనికొచ్చేచోట ముందు చెయ్యమంటున్నా. అంతే."

"రేపు పొద్దున చలివేంద్రం దగ్గరకు రా నాయనా. నీళ్ళు పోద్దాం."

"నేనడిగిందేంది, నువ్వనేదేంది తాతా?"

తాత అప్పటికే చాప దులుపుకుంటున్నాడు.

ఆ ఏడు చలివేంద్రంలో కుండలు కడిగి నీళ్ళు నింపే పని నాది. అందుకని ఈ మాటలన్నీ నా చెవిన పడ్డాయి. నాకూ ఏమీ అర్థం కాలేదు.

మర్నాడు పదింటికే రోడ్డు మీద తారు మెత్తబడింది. మాది తాటాకు పందిరి. ఇసుక పరిచి, దాని మీద తడిగోనె చుట్టిన ఆరు కుండలు. పందిరి వెనక దర్గా గోడ. ముందు రేకు బోర్డు, నీలం రంగు మీద తెల్లని అక్షరాలు. 'చలివేంద్రం' అని చిన్నగా, 'దాత: పలకల చెంచురామయ్య' అని పెద్దగా ఉంటుంది. చదవడం రాకముందు నేనది ఎవరో దేవుడి పేరనుకునేదాన్ని.

తాత ఆ బోర్డు కిందే స్టూలు వేసి చెంచురామయ్యను కూర్చోబెట్టాడు. తను ముంత పట్టుకుని కుండల పక్కన చేరాడు.

మొదట సైకిలు మీద ఒకతను వచ్చాడు.

"ఎటు నాయనా పోయేది?"

"చింతలపాలెం, తాతా."

తాత ముంతెడు ముంచి పోశాడు. అతను దోసిలి పట్టి తాగి, తల మీద కూడా చల్లుకుని పోయాడు.

తర్వాత మేకలు తోలుకుంటూ ఒకతను.

"నువ్వెటు?"

"ఎర్రబాడు."

తాత ముంతను బోర్లించాడు. "ముందుకు నడువు."

"ఏంది?"

"ఈ పూట తూర్పుకు పోయేవాళ్ళకే."

మేకలాయన నవ్వాడు. వేళాకోళం అనుకున్నాడు. ముంత బోర్లించే ఉంది. నవ్వు ఆపాడు.

"తాతా, ఎండ గానీ నీ తలకెక్కిందా?"

మేకలాయన కర్రతో నేల మీద గట్టిగా ఒకటి కొట్టి, మేకల్ని అదిలించుకుంటూ పోయాడు.

చెంచురామయ్య స్టూలు మీద కదిలాడు.

టౌనులో కట్టెలు అమ్ముకుని తిరిగొస్తున్న ఆడవాళ్ళు నలుగురు వచ్చారు. పైటకొంగులు తల మీద కప్పుకుని, చుట్టకుదురులు చేత్తో పట్టుకుని ఉన్నారు. వాళ్ళదీ ఎర్రబాడే. తాత మళ్ళీ ముంత బోర్లించాడు. ఇక చూడాలి వాళ్ళ నోళ్ళు!

"ఇదెక్కడి న్యాయం తాతా? దాహానికి కూడా తూర్పూ పడమరా ఉంటాయా?"

"నన్నడక్కు తల్లీ. నీళ్ళు నావి కావు." తాత తలెత్తి బోర్డు చూపించాడు.

వాళ్ళలో ఒకమ్మాయి కూడబలుక్కుని చదివింది. "చెం... చు... పలకల సారువి!"

"అదా సంగతి! పేరేమో బండంత రాయించుకున్నాడు. నీళ్ళేమో మనిషిని చూసి పోయిస్తాడు."

"ఆ మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నది ఎవరే?"

"ఆయనే."

"పాపం, ఆయనకూ ఎవరూ పోసినట్టు లేరు. చెమటలు కారిపోతున్నాయి!"

నలుగురూ నవ్వారు. నవ్వుతూనే ఒకామె పెదాలు తడుపుకుంది. నాకు మనసు ఆగలేదు. పందిరి వెనక్కి సైగ చేసి పిలిచి, నా బిందెలోవి పోశాను. తాత చూశాడో లేదో. చూసే ఉంటాడు.

చెంచురామయ్య తాత చెవి దగ్గరకు వంగాడు. "చాలు తాతా. నా పరువు తీస్తున్నావు."

"నేనేం చేశాను? కుండలు నీవి, నీళ్ళు నీవి. ఎవరి కుండా నేను పగలగొట్టడం లేదు. నీకు పనికొచ్చే బాటవాళ్ళకు ముందు పోస్తున్నా. అంతే."

చెంచురామయ్య తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని మడతలు పెట్టడం మొదలుపెట్టాడు. మడత విప్పాడు. మళ్ళీ పెట్టాడు.

ఇంతలో మీసాలాయన ఒకడు వచ్చాడు. దారిలో ఎవరో చెప్పి ఉంటారు. తాత అడక్కముందే "చింతలపాలెం, చింతలపాలెం" అన్నాడు. రెండు ముంతలు తాగాడు. మీసాలు తుడుచుకున్నాడు. తాపీగా పడమటి బాట పట్టి పోయాడు.

తాత చెంచురామయ్య వైపు చూశాడు. ముంత ఆయన చేతికిచ్చి, "నా నడుము పట్టేసింది. కాసేపు నువ్వు పొయ్యి" అన్నాడు.

ఆయన ముంత పట్టుకుని నిలబడేసరికి దూరంగా ఒక ముసలామె వస్తోంది. కర్ర పొడుచుకుంటూ, రెండడుగులకోసారి ఆగి దగ్గుతూ. చెప్పుల్లేవు. దగ్గరకు వచ్చాక నేను పోల్చుకున్నాను. ఎర్రబాడు పోలమ్మ. చెంచురామయ్య కంపెనీలో ఇరవై ఏళ్ళు పలకలు నున్నగా తోమిన మనిషి. ఆయనా పోల్చుకున్నాడు. ఆమెకే చూపు ఆనక ఎదుట ఎవరున్నారో తెలియలేదు.

ఆయన ఏమీ అడగలేదు. ముంత ముంచాడు.

పోలమ్మ కంగారుగా చెయ్యి అడ్డం పెట్టింది.

"నేను చింతలపాలెం పోతన్నా నాయనా. నిజంగా చింతలపాలెమే. మా బంధువులున్నారు అక్కడ."

"దోసిలి పట్టమ్మా" అన్నాడు చెంచురామయ్య.

ఆమె తాగింది. నీళ్ళు మోచేతుల మీదుగా కారి ఇసుకలో ఇంకాయి. మళ్ళీ పోశాడు. మళ్ళీ తాగింది. కొంగు తడుపుకుని మొహం తుడుచుకుంది. "నీ కడుపు చల్లగుండ" అని కర్ర తీసుకుంది.

కర్రయితే తీసుకుంది గానీ కదల్లేదు. పడమటి బాటకేసి చూసింది. తన ఎదుట ముంత పట్టుకుని నిలబడ్డ మనిషికేసి చూసింది. తర్వాత తూర్పుకు తిరిగి నడవడం మొదలుపెట్టింది.

పది అడుగులు వేసింది. ఇరవై వేసింది. తారు కాలుతుంటే కాలు మార్చి కాలు వేస్తోంది.

చెంచురామయ్య "అమ్మా!" అని పిలవబోయాడు. నోరు తెరిచి, మళ్ళీ మూశాడు. తాతకేసి చూశాడు. తాత కుండలోకి తొంగి చూసుకుంటున్నాడు.

ఆయన మెల్లగా ముంత కింద పెట్టాడు. స్టూలు ఎత్తి అటు తిప్పి, రోడ్డుకు వీపు పెట్టి, దర్గా గోడకేసి కూర్చున్నాడు.

ఎంతసేపు అలా ఉన్నాడో. పోలమ్మ ఆగి, వెనక్కి తిరిగి కళ్ళు చికిలించి చూసింది. రోడ్డు మీదికి ఏ మొహమూ కనబడలేదు. గబగబా బాట దాటి, పందిరి ముందునుంచే, కర్ర చప్పుడు కాకుండా ఎత్తి పట్టుకుని, పడమటికి పోయింది.

"ఇప్పుడు పోశావు నాయనా, నీళ్ళు" అన్నాడు కాశిం తాత.

చెంచురామయ్య గోడకేసే చూస్తున్నాడు.

అప్పుడే టౌను వైపు నుంచి సలోమి ఆటో నడుపుకుంటూ వచ్చి పందిరి పక్కన ఆపింది. దిగి, తాళంచెవి చేత్తో పట్టుకుని నిలబడింది.

"కంపెనీకి పోతే ఇక్కడున్నారన్నారు సార్. మీ ఆటో ఇచ్చేసి పోదామని వచ్చాను."

"కాగితాల సంచి నా స్కూటరుకు తగిలించి ఉంది. తీసుకో."

సలోమి ఆ వీపుకేసి కాసేపు చూసింది. నాకేసి చూసింది. సంచి తీసి భుజాన వేసుకుంది.

"ముందు ఎటు పొమ్మంటారు సార్?"

"నన్నడగొద్దమ్మా" అన్నాడాయన, తల తిప్పకుండానే.

ఆటో కదిలింది. కొంచెం దూరం పోయి ఆగిన చప్పుడైంది, ఎవరినో ఎక్కించుకుంటున్నట్టు. మళ్ళీ కదిలింది.

చెంచురామయ్య అటు తిరిగి చూడలేదు.