గంగన్నపాలెం గుండిగ

హోషేయకు ఉన్న దిగులంతా ఒక్కటే. తమ గుడికి గంట లేదు. ఏటి అవతలి ఊరి గుడికి ఉంది. ఆదివారం పొద్దున్నే దాని మోత గుండ్లకమ్మ దాటివచ్చి మరీ గంగన్నపాలేన్ని నిద్ర లేపేది. పరాయి ఊరి గంటకు లేచి తమ గుడికి వెళ్ళడమంటే హోషేయకు తల కొట్టేసినట్టుండేది.

అప్పటికి అతనికి ఇరవై రెండేళ్ళు. ఊరి పాస్టరు నతానియేలు అయ్యగారి దగ్గర ఉపదేశి పని నేర్చుకుంటున్నాడు.

ఎంత మంచి రోజులవి! ఏ ఇల్లాలైనా ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి దేవుడి ముంతలో వేసేది. ఆదివారం ఆ ముంతలన్నీ గుళ్ళోని ఇత్తడి గుండిగలో పోసేవారు. శనివారం సాయంత్రానికల్లా ఆ గుండిగ ఖాళీ కావాలి. అది అయ్యగారి పద్ధతి. ఇంట్లో గింజ లేనివాళ్ళు ఎవరొచ్చినా, ఏ పేట నుంచి వచ్చినా, ఇత్తడి సోలతో కొలిచి ఒళ్ళో పోసేవారు.

ఆ ఏడు వానాకాలంలో అయ్యగారు పై ఊళ్ళు చూసిరావడానికి బయల్దేరుతూ సోల హోషేయ చేతిలో పెట్టారు. రెండు నెలలదాకా రారు. ఇంకేముంది, హోషేయ బుర్రలో గంట మోగింది. వారం వారం పంచేస్తుంటే ఏం మిగులుతుంది? ఈ రెండు నెలలూ కూడబెట్టి అమ్మితే గంట కొనొచ్చు. తను పోయినా అది మోగుతూనే ఉంటుంది. దాని మీద చిన్న అక్షరాలతో తన పేరు ఉన్నా తప్పులేదనిపించింది.

ప్రతి శనివారం వచ్చినవాళ్ళందరికీ ఒకటే మాట చెప్పాడు. "గంట వచ్చేదాకా ఓపిక పట్టండి." అందరూ వెనుదిరిగారు. ఒకనాడు చివర వచ్చిన ముసలి సువార్తమ్మ కొంగు విదిలించుకుని, "గంటొస్తే మంచిదేగా నాయనా" అని వానలోనే వెళ్ళిపోయింది.

అయ్యగారు తిరిగొచ్చేసరికి గుండిగ నిండిపోయింది. హోషేయ మూత తీసి చూపించాడు. ముఖం వెలిగిపోతోంది.

"అయ్యగారూ, ఇదిగోండి మన గంట!"

అయ్యగారు సోల తీసుకుని గుండిగ మీద ఒక దెబ్బ వేశారు. దబ్బుమంది.

"మోగట్లేదేందిరా?" అన్నారు.

హోషేయ నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. అయ్యగారు లోపలికి చెయ్యి పెట్టి పిడికెడు పైకి తీశారు. వేళ్ళ సందుల్లోంచి ముక్కపురుగులు పాకుతున్నాయి. తెల్లటి మిల్లు బియ్యంలో అక్కడక్కడా ఎర్ర గింజలు.

"ఈ ఎర్రవి ఎవరివి?"

"సువార్తమ్మవండీ. కోతలప్పుడు చేలల్లో రాలిన పరిగె ఏరి దాచుకుని తనే దంచుకుంటది."

"పైనే ఉన్నాయే. మొన్న ఆదివారం పోసినవన్నమాట. మరి శనివారం ఆవిడ వస్తే నువ్వెంత పెట్టావు?"

హోషేయ గుండిగ మీద మూత పెట్టబోయాడు.

"చూసిరా పో" అన్నారు అయ్యగారు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేదని హోషేయ ఆ తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాడు.

సువార్తమ్మ గుడిసెలో పొయ్యిలో పిల్లి పడుకుని ఉంది. ఆమె గోడకు జారబడి కూర్చుంది.

"ఏం తిన్నావవ్వా?"

"నిన్న చింతాకు ఉడకేసుకున్నా నాయనా. నాకెంత కావాలిలే."

గూట్లో దేవుడి ముంత కనిపించింది. హోషేయ తొంగిచూశాడు. అడుగున పిడికెడు ఎర్ర బియ్యం.

"ఇవి ఉన్నాయిగా అవ్వా! వండుకోకపోయావా?"

సువార్తమ్మకు ఆ ప్రశ్నే వింతగా తోచింది.

"అయ్యి నాయి కాదుగా నాయనా. దంచంగానే తీసిపెట్టా."

హోషేయ గుడికి పరుగున వచ్చాడు. ఏడుపు ఆగడం లేదు. గుండిగలోని బియ్యం చాపల మీద పోసి చాట పట్టుకున్నాడు. పుచ్చినవి పోగా, చెరిగిన మొదటి సోలెడు సువార్తమ్మకు తీసుకెళ్ళి, పొయ్యి తనే రాజేసి వచ్చాడు. తర్వాత తను వెనక్కి పంపిన ఇళ్ళన్నిటికీ వెళ్ళి, పేరుపేరునా పిలుచుకొచ్చాడు. కొలుస్తూనే ఉన్నాడు. పొద్దు వాలేసరికి గుండిగ అడుగున సోల గీరుకుంది. ఇక గింజ లేదు.

అయ్యగారు మోకు తెచ్చి గుండిగ కడియాలకు కట్టమన్నారు. ఇద్దరూ కలిసి దాన్ని వసారా దూలానికి వేలాడదీశారు. సోల హోషేయ చేతికిచ్చి, "కొట్టరా" అన్నారు.

ఖంగుమంది. ఆ మోత పేటంతా తిరిగి ఏటి మీదుగా పోయింది. వాకిళ్ళలో పిల్లలు ఆటలు ఆపి చూశారు. హోషేయ మోత సద్దుమణిగేదాకా కళ్ళు మూసుకుని నిలబడ్డాడు.

ఆ తర్వాత గంగన్నపాలేనికి పట్నం నుంచి నిజం గంటే వచ్చింది. హోషేయ కూడా అయ్యగారై, జుట్టు నెరిసి, ఆ గంటను వేలసార్లు మోగించాడు. అయినా శనివారం సాయంత్రమైతే చాలు, ఆయన చెవులు ఆ ఖాళీ గుండిగ మోతను వెతుక్కునేవి. దానితోపాటే, చీకటి పడుతున్న ఆ వసారాలో నతానియేలు అయ్యగారు ఆకాశంకేసి చూస్తూ మెల్లగా అడిగిన మాట కూడా వినిపించేది.

"ఇది ఎందాకా వినపడిందో తెలుసా రా?"